కొంకి తీసిన అష్రఫీలు

ఈ కబురు నాకు మొదట చెప్పింది మా మేనత్త మనవరాలు. కరీంనగర్‌లో ఉంటుంది, నన్ను అత్తమ్మా అని పిలుస్తుంది. శుక్రవారం సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే ఫోన్ చేసింది. వాళ్ల అమ్మమ్మ దాచి ఇచ్చిన పాత బంగారు అష్రఫీలను హైదరాబాదులో నాణేల విలువ కట్టేవాళ్లకు చూపించిందట. వాళ్లు ఒక్కోదాన్ని భూతద్దం కింద పెట్టి చూసి, తరగతులుగా విడదీసి, ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి, మీద చీటీ అంటించి ఇచ్చారట.

"బొమ్మ మంచిగున్నదట, అక్షరాలు మంచిగున్నయట అత్తమ్మా. గని అన్నిటికి అంచుల ఒక మచ్చ ఉన్నదట. ఏదో అతికిచ్చి తీసేసిన గుర్తట. గా మచ్చకే దర్జా తగ్గిచ్చిండ్రు. పైంగ ఎవలో బాగ రుద్దిండ్రట సుత. గింత మంచి వస్తువును గట్లెవలు ఖరాబు చేసిన్రో!" అని బాధపడింది.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత మళ్లీ దీపం ముందే కూర్చుండిపోయాను. ఆ మచ్చ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ఫోన్లో చెబితే తెగే ముచ్చట కాదు. "రాసి పంపుత తియ్యి బిడ్డా" అన్నాను. రాయడం మొదలుపెట్టాక, ఇది దానికొక్కదానికే కాదు, అందరికీ చెప్పవలసిందే అనిపించింది.

మాది పొద్దున బయల్దేరితే వేములవాడ రాజన్న గుడికి నడిచి చేరేంత దగ్గరలో ఉన్న నేతవాళ్ల ఊరు. మాకు తెల్లవారేది సాంచెల చప్పుడుతోనే. కరెంటు మగ్గాన్ని మావైపు సాంచె అంటారు. ఒక ఇంట్లో సాంచె ఆగితే పక్కింటివాళ్లు "ఏమాయె?" అని తొంగి చూసేవాళ్లు. ఇల్లంతా గంజి వాసన, ఇంజను నూనె వాసన, కొత్త నూలు వాసన కలిసి ఉండేవి. మక్క గట్కలో పచ్చిపులుసు పోసుకొని తింటుంటే నోట్లో సన్నటి దూది పోగు తగిలేది. దాన్ని వేలితో తీసి గోడకు అంటించి మళ్లీ తినేవాళ్లం.

అంతకు ముందు తరాల్లో మా ఇంట్లో ఇంత లేమి ఉండేది కాదట. మా ముత్తాత ఎడ్లబండి నిండా చీరెలు వేసుకొని బోథ్ దాకా, అటునుంచి మరాఠీ ఊళ్ల దాకా పోయి అమ్మేవాడట. పత్తి బాగా పండిన ఏడు అక్కడి పెద్ద రైతులు చీరెలకు బంగారు నాణేలు ఇచ్చేవారట. అట్లా పోగైనవే మా బాపమ్మ దగ్గరికి చేరాయి. బాపమ్మ అంటే బాపును, మా నాన్నను, కన్నతల్లి. అందులో రెండు రకాలు. కాగితంలా పలుచని పుతళీలు కొన్ని. వాటికి దారం దూర్చుకోవడానికి చిన్న బంగారు రింగులు అతికి ఉండేవి. ఆ రింగునే కొంకి అంటారు. వాటిని నల్లదారానికి గుచ్చి బాపమ్మ మెడలో వేసుకునేది. రెండో రకం, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు అష్రఫీలు. అవి బరువైనవి. కొంకులు లేవు. ఇత్తడి డబ్బాలో ఉండేవి.

ఏడాదికి ఒక్కసారి, దీపావళి లక్ష్మీపూజ నాడు ఆ డబ్బా మూత తీసేది బాపమ్మ. తీయగానే పాత పసుపు, కర్పూరం, ఇత్తడి కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ గుళ్లో ఆ వాసన తగిలినా నాకు చేతులు జోడించబుద్ధవుతుంది. ప్రతి అష్రఫీ అంచు చుట్టూ పసుపు ముద్ద రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టేది. లక్ష్మికి పెట్టిన పసుపును కడగగూడదని ఆమె నమ్మకం. అందుకని పోయిన ఏడాది పసుపు మీదే ఈ ఏడాది పసుపు. ఏళ్ల తరబడి పెట్టగా పెట్టగా అంచులు గట్టిపడి, నాణెం చుట్టూ మట్టి గట్టు కట్టినట్టు ఉండేది.

ఒక దీపావళికి నేనొక తుంటరి పని చేశాను. అవ్వ, అంటే మా అమ్మ, సర్వపిండి పిసికి గిన్నెకు ఒత్తి పెట్టింది. నేను పళ్లెంలోంచి ఒక అష్రఫీ తీసి ఆ పిండి మీద గట్టిగా అదిమాను. పిండి మీద చార్మినార్ దిగింది. కాలిన తర్వాత కూడా మినార్లు లీలగా కనిపించాయి. బాపమ్మ ముక్క తుంచబోయి ఆగింది.

"అవ్వో! నవాబు మన సర్వపిండిల దిగిండే!" అని కడుపు పట్టుకొని నవ్వింది. నాణేనికి అంటిన నువ్వులు, ఎల్లిపాయ చెంగుతో తుడుస్తూ, "లక్ష్మమ్మ తల్లికి సుత జర కారం తినబుద్ధయినట్టుంది తియ్యి" అంది. నన్ను కొట్టలేదు. అట్లాంటి పెద్దల చేతుల్లో పెరిగినందుకు దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇక మా మేనత్త. బాపుకు, ఆయన అన్న పెద్దబాపుకు ఒక్కతే చెల్లెలు. పెళ్లయిన కొన్నేళ్లకే మామయ్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పాకే వయసు పిల్లను చంకనేసుకొని పుట్టింటికి వచ్చింది. అరుగు మీద రాట్నం పెట్టుకొని ఊళ్లోవాళ్ల సాంచెలకు కండెలు చుట్టేది. కండె అంటే నూలు చుట్టే చిన్న గొట్టం. నన్ను బడికి పంపలేదు. ఇంట్లో పనికి చేతులు కావాలన్నారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. బట్ట మీద గుర్తులు పెట్టే నీలం చాక్‌పీసుతో అరుగు బండ మీద రాయించేది. కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంటే, ఎడమచేత్తో నా తప్పు చెరిపేది. ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

బాపమ్మ పోయిన వానాకాలంలోనే బొంబాయి దగ్గరి భీవండి నుంచి మేనత్త మరిది కబురు పెట్టాడు. అక్కడ సాంచెల కార్ఖానాల్లో పనుందని, తల్లీబిడ్డలు ఇద్దరూ వస్తే ఇద్దరికీ కండెల పని దొరుకుతుందని. ఆ పిల్ల నాకంటే చిన్నది, అప్పటికి పాలపళ్లు కూడా ఊడలేదు. మేనత్తకు పోవాలని లేదు. మా వీధి చివర ఒకాయన తన పాత సాంచె అమ్ముతానంటున్నాడు. అది కొనుక్కొని మా ఇంటి వెనక రేకుల కింద వేసుకుంటే, బిడ్డను దగ్గర పెట్టుకొని బతకొచ్చు. "సొంత సాంచె ఉంటే ఎవల ముంగట చెయ్యి సాపుడు ఉండదు వదినా" అని అవ్వతో అంటుంటే విన్నాను. ఆమె ఆశంతా బాపమ్మ బంగారం మీదే. నా ఆశ ఆమె పోగూడదని.

పెద్దబాపుకు వేరే అవసరం ఉంది. ఆయన పెద్దకొడుకు దుబాయి పోవాలి. ఏజెంటు అప్పటికే తొందరపెడుతున్నాడు. పెద్దబాపు గొంతు పెద్దది, చెయ్యి గట్టిది. నేల మీద తెగిన పోగు కనిపించినా ఏరి ముడివేసి వాడేవాడు. చింతగింజలు పారేస్తే కోప్పడేవాడు.

బాపమ్మ నెల మాసికం అయిన మరునాడు అందరూ అరుగు మీద కూర్చున్నారు.

"మెడల ఏలాడింది బిడ్డది. డబ్బాల ఉన్నది కొడుకులది. గిది నేను పెట్టిన రివాజు కాదు" అన్నాడు పెద్దబాపు.

నిజంగానే మావైపు ఆచారం అది. తల్లి మెడలో నగ బిడ్డకు, అంటే కూతురికి, పోతుంది. పెట్టెలో ముడుపు కొడుకులకు.

"గా సన్న పుతళీలతోటి దానికి ఏమొస్తది అన్నా? జర సూడు" అన్నాడు బాపు.

"సూస్త. మరి నా కొడుకును దుబాయి నువ్వు పంపుతవా? చెప్పు, పంపుతవా?"

మేనత్త రాట్నం ఆపకుండానే అంది: "పంచాది వద్దు. అవ్వ మొన్ననే పాయె. ఆ రాజన్న నాకేం రాసిపెట్టిండో గదే వస్తది."

అష్రఫీలను ఊళ్లో కంసాలి అవుసులాయన దగ్గర కరిగిస్తే ఉత్త బంగారం ధరే వస్తుందని, పాత నాణేల విలువ తెలిసిన సేటు ఒకాయన మంచిర్యాలలో ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయనను పిలిపిద్దామని అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నారు.

సేటు వస్తున్నాడనగానే ఆడవాళ్లకు హడావిడి పట్టుకుంది. పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, డబ్బా తెరిచి మూతి విరిచింది. "గీ పసుపు గడ్డల్ని జూసి సేటు బంగారమనుకుంటడా, బెల్లమనుకుంటడా?" అంది.

ఇంకేముంది, చింతపండు నానబెట్టారు. పొయ్యిలో బూడిద జల్లించారు. కొబ్బరి పీచు తెచ్చారు. బాపమ్మ ఉంటే ముట్టనిచ్చేదే కాదు. అవ్వ ప్రతి అష్రఫీని కళ్లకద్దుకొని, "తల్లీ, తప్పు పట్టకు, నీ మంచికే" అని చెప్పి మరీ రుద్దింది. పెద్దవ్వ మాత్రం అంట్లు తోమినట్టే తోమింది. పిల్లలం మేమూ తలా ఒకటి పట్టుకున్నాం. వాకిలంతా పసుపు నీళ్లు పారాయి. నేనూ మేనత్త కూతురూ ఆ నీళ్లలో నడిచి, మా పాదాలు గౌరమ్మ పాదాలయ్యాయని అందరికీ చూపించుకుంటూ తిరిగాం. సాయంత్రానికి అష్రఫీలు నిన్న పోత పోసినట్టు మెరిసిపోతున్నాయి.

మరునాడు పొద్దున బస్సుకు సేటు వచ్చాడు. సన్నగా, ముసలివాడు. చేతిలో గుడ్డ సంచి. చాయ తాగి, గుమ్మానికి దగ్గరగా వెలుతురులో కూర్చొని, నల్ల మకమల్ గుడ్డ పరిచాడు. పెద్దవ్వ గర్వంగా పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. సేటు చూసి నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అరె రామ్! ఎవరు రుద్దిన్రు వీటిని?"

"మేమే సేటూ. చింతపండు పెట్టి" అంది పెద్దవ్వ.

"అమ్మా, మీ చేతులకు దండం. పాత నాణెం మీద దాని పుట్టు చాయ ఉంటది. గది ఒక్కపారి పోతే మల్ల రాదు. మొదటి దర్జాల పెట్టేటిదాన్ని ఇప్పుడు మూడోదాంట్ల పెట్టాలె."

"గట్లనా? ఐతె మల్ల పసుపు పెడ్తం తియ్యి" అంది పెద్దవ్వ. సేటుతో సహా అందరూ నవ్వారు. పెద్దబాపు ఒక్కడే నవ్వలేదు.

సేటు పని చేసే తీరు నాకిప్పటికీ కళ్లముందుంది. నాణెం ముఖాన్ని ముట్టేవాడు కాదు. అంచులను రెండు వేళ్లతో పట్టుకొని, వెలుతురుకు అటూ ఇటూ వంచి చూసేవాడు. చిన్న త్రాసులో పెట్టి తూచేవాడు. నేను మరీ దగ్గరికి జరిగేసరికి భూతద్దం నా చేతికిచ్చాడు. "సూడు బేటీ. నాలుగు మినార్ల కొసలు ఇడివిడిగ కనవడ్తే మంచిది. కలిసిపోతే అరిగిపోయినట్టు." అద్దంలో చార్మినార్ మా ఇంటంత కనిపించింది. మంచివి ఒక కుప్ప, నడిమివి ఒక కుప్ప, అరిగినవి ఒక కుప్ప వేసుకుంటూ పోయాడు.

కొంతసేపటికి నాలుగో కుప్ప ఒకటి మొదలుపెట్టాడు. ఒక్కోదాని అంచును బొటనవేలితో తడిమి అందులో వేస్తున్నాడు. మిగతా మూడు కుప్పల కంటే అదే పెద్దదయింది.

"ఇవి ఎన్నడన్న దండల ఉన్నయా?" అని అడిగాడు.

"లేదు సేటూ. నాకు బుద్ధి తెలిసినకాన్నుంచి డబ్బాలనే ఉన్నయి" అన్నాడు బాపు.

"చార్మినార్ పైన అంచుకు గరుకు ఉన్నది. ఇంత దినం పసుపు కింద దాసుకొని ఉన్నట్టుంది, మీరు రుద్దితే బయటపడ్డది. కొంకి అతికి తీసేస్తే గిట్లనే ఉంటది. బంగారం సాఫా, కల్తీయా అని పరఖ్ చేసెటోళ్లు ఆకురాయి పెట్టినా గిట్లనే ఉంటది. నా దర్జాకైతే రెండూ ఒకటే, ఎట్లయినా తగ్గుతది. ఏది నిజమో నేను చెప్పలేను."

ఆయనకు రెండూ ఒకటే. మాకు కాదు. కొంకి గుర్తయితే అవి మెడలో వేలాడినవి, మేనత్తవి. పరఖ్ చేసిన గాటయితే పెట్టెలో ముడుపు, కొడుకులవి. అరుగు మీద రాట్నం చప్పుడు ఆగిపోయింది. మేనత్త గోడకు ఆనుకొని, కండె చేతిలో పట్టుకొని, లోపలికి చూడకుండా వీధిలోకి చూస్తోంది. అవ్వ నా భుజం పట్టుకుంది. ఆమె వేళ్లు నొక్కుకుపోతున్నా నేను కదల్లేదు.

"గదే సేటూ, పరఖ్ చేసిందే అయి ఉంటది. పరాయి ఊర్ల వ్యాపారం చేసినోళ్లు. గీకి చూడకుంట ఎవలన్న తీసుకుంటరా?" అంది పెద్దవ్వ.

ఆ మాటా సబబుగానే ఉంది. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. తాత ఎప్పుడో పోయాడు, బాపమ్మ మొన్ననే పోయింది. సేటు తల ఊపి ఆ కుప్పను కూడా మిగతావాటి వైపు జరపబోయాడు.

పెద్దబాపు చెయ్యి చాపి అందులోంచి ఒకటి తీసుకున్నాడు. అంచు మీద బొటనవేలు పెట్టి రాస్తూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర దుబాయి పోవలసిన ఆయన కొడుకు నిలబడి ఉన్నాడు. పెద్దబాపు ఒకసారి వాడి వైపు చూశాడు.

"కొంకే" అన్నాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు అప్పుడే తెలిసింది. "కొంకే సేటూ. అవుసులాయన తీస్తుంటే నేనే కుంపటి ఊదిన."

అందరం ఆయన ముఖమే చూస్తున్నాం.

"తమ్ముడు కడుపుల ఉన్నడప్పుడు. నూలు దొరకని ఏడు. మగ్గాలన్నీ బంద్. ఇంట్ల పిడికెడు గింజల్లేవు. మా బాపు కుదువ పెడ్తనని పోతె షావుకారు పట్టలే. ఆడిదాని మెడల సొమ్ము అరిష్టమన్నడు. మా అవ్వనే మెడలకెల్లి తీసిచ్చింది. కొంకులు తీస్తే పెట్టె సొమ్ము లెక్క కనవడ్తయని బాపు నన్ను తోలుకొని అవుసులాయన ఇంటికి పోయిండు. విడిపిచ్చుకొచ్చినంక మల్ల అతికిచ్చుడు పడలే. అవ్వ డబ్బాల ఏసి పసుపు పెట్టింది. గవన్నీ అవ్వ మెడలయే."

పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిప్పుడే యాదికొచ్చిందా నీకు? నీ కొడుకు మొకం ఒక్కపారి జూసి చెప్పు" అంది.

"సూసిన. అందుకే చెప్తన్న" అన్నాడు పెద్దబాపు.

మేనత్త లేచి లోపలికి వచ్చింది. "సగం నువ్వు ఉంచుకో అన్నా. పోరడు పోవాలె గద" అంది. ఏడుస్తోంది.

"మెడల ఏలాడింది బిడ్డది అని నేనే అంటి. ఇగ నాతోని మాట్లాడియ్యకు." ఆ కుప్పను మకమల్ గుడ్డ మీదే రెండు చేతులతో ఆమె వైపు తోశాడు. తోసి, లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. పెద్దవ్వ వంటింట్లోకి వెళ్లి సేటుకు రొట్టెలు చేసింది. మేనత్తకు కూడా పళ్లెం పెట్టి, "తిను. మొకం జూడు ఎట్ల పీక్కపోయిందో" అంది. ఆ పూట ఆమె మనసు ఎంత మండిపోతుండెనో, అయినా పళ్లెం పెట్టింది. దానికీ నేను దండం పెడతాను.

మేనత్త అష్రఫీలు కొన్ని అమ్మి సాంచె కొనుక్కుంది, కొన్ని బిడ్డ కోసం దాచింది. మొదటి తాను నేసి దించిన రోజున రాజన్నకు కోడె మొక్కు చెల్లించి వచ్చింది. ఆమె భీవండి పోలేదు. ఆమె బిడ్డ కండెలు చుట్టలేదు, బడికి పోయింది. నేను ఆ సాంచె పక్కన కూర్చొని పుస్తకాలు చదవడం నేర్చుకున్నాను.

భీవండికి పోయింది పెద్దబాపు. తమ్ముడితో పంచుకోగా ఆయన వాటాకు వచ్చిన నాలుగు అష్రఫీలు దుబాయి ఖర్చుకు చాలలేదు. ఆ చలికాలమే, మేనత్త మరిదికి చెప్పించుకొని, ఆ కార్ఖానాలోనే పనికి కుదిరాడు. నడుము వంగే వయసులో పరాయివాళ్ల సాంచెల ముందు రాత్రింబవళ్లు నిలబడ్డాడు. ఏడాదికొకసారి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం చిక్కిపోయి, ఇంకొంచెం దగ్గుతూ. చివరికి కొడుకును దుబాయి పంపాడు. వాడు నిలదొక్కుకున్నాకే ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

నాకు పెళ్లి కుదిరిన రోజుల్లో ఒకసారి ఆయనకు కషాయం తీసుకెళ్లి ఇస్తూ ధైర్యం చేసి అడిగాను. "పెద్దబాపూ, గా కొంకుల సంగతి నీకు ముందుగాల ఎర్కనేనా?"

ఆయన కషాయం తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఎర్కలేకేం బిడ్డా. పసుపు కింద ఉన్నన్నాళ్లు మర్శిపోయినట్టే ఉన్న. బయటపడ్డంక మర్శిపోవుడు నాతోని కాలే" అన్నాడు. అంతే. మళ్లీ దగ్గు వచ్చింది. వీపు రాస్తూ కూర్చున్నాను.

మా చుట్టాల్లో పెళ్లికో పేరంటానికో పదిమంది కలిస్తే ఆయన పిసినారితనం మీద ఇప్పటికీ కథలు చెప్పుకొని నవ్వుతారు. ముడివేసిన పోగులు, దాచిన చింతగింజలు. అవన్నీ నిజమే. నేనూ నవ్వుతాను. ఆయన నోరు మూసుకొని ఊరుకుంటే ఆ రోజు ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు, ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు, ఎందుకంటే చూసినవాళ్లలో నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

ఇది చదివిన అమ్మలకూ అయ్యలకూ నాదొక్కటే మనవి. ఆయన పేరు నేను రాయలేదు, రాస్తే ఆయనకు నచ్చదు. మా పెద్దబాపు అనుకుంటే చాలు. మీ ఇంట్లో పెద్దలకు పెట్టుకునే నాడు, మీవాళ్లందరినీ తలుచుకున్నాక, ఒక్క క్షణం ఆయననూ తలుచుకోండి.